అంబులెన్స్ ఎక్కాక ఎంత దూరం?

ఊళ్లో ఆసుపత్రి క్యాజువాలిటీని ఎత్తేస్తామంటే స్థానిక నాయకుడు అడ్డం పడటం ఏ దేశంలోనైనా ఉన్నదే. "ఓట్ల కోసం జనాన్ని రెచ్చగొడుతున్నాడు, వైద్యం గురించి ఈయనకేం తెలుసు?" అని అధికారులు కొట్టిపారేయడమూ ఉన్నదే. ఇంగ్లండ్‌లోని కిడ్డర్‌మిన్‌స్టర్‌లో మాత్రం ఆ మాట అనడానికి వీల్లేకపోయింది. అడ్డం పడిన రిచర్డ్ టేలర్ అదే ఊరి ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా కీళ్లవాతం వైద్యుడిగా పనిచేసి రిటైరైన మనిషి.

అక్కడి ఎమర్జెన్సీ విభాగాన్ని 2000 సెప్టెంబరులో మూసేశారు. చుట్టుపక్కల వైర్ ఫారెస్ట్ ప్రాంతంలో సుమారు లక్ష మంది ఉంటారు. ప్రాణం మీదికొస్తే ఇక సుమారు 15 మైళ్ల దూరంలోని వూస్టర్‌కో, లేదంటే రెడిచ్‌కో పరుగెత్తాలి. మరుసటి ఏడాది జూన్‌లో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. 66 ఏళ్ల టేలర్ ఏ పెద్ద పార్టీ టికెట్టూ లేకుండా ఆసుపత్రి కోసమే నిలబడ్డారు. ఆయనకు 28,487 ఓట్లు వచ్చాయి. జూనియర్ మంత్రిగా ఉన్న లేబర్ అభ్యర్థి డేవిడ్ లాక్ 17,630 ఓట్ల తేడాతో ఓడిపోయారు. టేలర్ 2005లో మళ్లీ గెలిచారు.

అయితే మూసివేతను సమర్థించేవాళ్ల వాదన ఉత్తిది కాదు. లండన్‌లో 2010 వరకు పక్షవాతం రోగుల్ని సుమారు ముప్ఫై ఆసుపత్రుల్లో చేర్చుకునేవారు. ఆ ఏడాది నుంచి తొలి వైద్యం మొత్తాన్ని 8 ప్రత్యేక కేంద్రాలకు తరలించారు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. దానికి రాత్రి రెండు గంటలకైనా స్కాన్ తీసేవాళ్లు, చూసి చెప్పే నిపుణుడు సిద్ధంగా ఉండాలి. ఆ ఏర్పాటు ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ కుదరదు. మార్పు తర్వాత లండన్‌లో మరణాలు తగ్గాయని పరిశోధకులు తేల్చారు. అదే కాలంలో మాంచెస్టర్‌లోనూ ఇలాంటి మార్పే చేశారు, కానీ జబ్బు మొదలైన నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్లనే పెద్ద కేంద్రాలకు పంపారు. అక్కడ మిగతా దేశాన్ని మించి మరణాలు తగ్గలేదు. రోగులందర్నీ పంపడం మొదలుపెట్టాకే ఫలితం కనిపించింది. అంటే కేంద్రాలు తగ్గించడంలో మహిమేమీ లేదు, మార్పు ఎలా చేశారన్నదే లెక్క.

దూరం సంగతి ఇంకా చిక్కు. షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రాణాపాయంలో ఉన్న పదివేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2007లో ఫలితం ప్రకటించారు. ఆసుపత్రి 10 కిలోమీటర్లు ఎక్కువ దూరమైన కొద్దీ చనిపోయేవాళ్లు నూటికి ఒకరు చొప్పున పెరుగుతున్నారని వాళ్లు లెక్కగట్టారు. అదే యూనివర్సిటీ 2018లో, ఎమర్జెన్సీ మూతపడిన ఐదు ఊళ్లను చూసింది. మరణాలు పెరిగాయని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదు. మేలు జరిగిందనడానికీ దొరకలేదు. అంబులెన్స్ సేవల మీద మాత్రం భారం పెరిగింది.

నా దృష్టిలో ఈ గొడవకు ఆయువుపట్టు ఆ భారమే. రోగిని ఆసుపత్రి వాకిట్లో దింపేసినంత మాత్రాన అంబులెన్స్ పని అయిపోదు. లోపలి నర్సుకు అప్పగించాలి. ఇంగ్లండ్‌లో దానికి పెట్టుకున్న గడువు 15 నిమిషాలు. లోపల బెడ్ ఖాళీ లేకపోతే రోగి స్ట్రెచర్ మీదే, సిబ్బంది ఆ పక్కనే, బండి బయట వరుసలో. ఆ సమయంలో ఇంకో ఇంట్లో ఎవరో ఛాతీ పట్టుకుని కూలిపోతే వెళ్లాల్సిన బండి అక్కడే నిలబడి ఉంటుంది. మ్యాప్‌లో 15 మైళ్లు చూపించే అధికారి లెక్కలో ఈ నిరీక్షణ కనిపించదు.

కిడ్డర్‌మిన్‌స్టర్‌లో జరిగిన తప్పు కూడా ఇక్కడే. పాత విభాగాన్ని 2000లో మూశారు, వూస్టర్‌లో కొత్త ఆసుపత్రి తెరుచుకుంది 2002లో. ఇల్లు కట్టకముందే గుడిసె పీకేశారు. కొత్తది వచ్చాక కూడా ఇరుకు తీరలేదు. 2017 జనవరిలో ఆ ఆసుపత్రి కారిడార్‌లో స్ట్రెచర్ల మీద గంటల తరబడి ఎదురుచూసిన ఇద్దరు రోగుల మరణం దేశమంతా వార్త అయింది. అందుకే టేలర్ లాంటి నాయకుణ్ని అభివృద్ధికి అడ్డంకి అంటే నేను ఒప్పుకోను. ముందు బెడ్లు, బండ్లు చూపించండి, ఆ తర్వాతే తాళం వేయండి అనడం వైద్యానికి వ్యతిరేకం ఎలా అవుతుంది?

ఈ కథ చదివినప్పుడల్లా మన ఊళ్లు గుర్తొస్తాయి. ఇంగ్లండ్‌లో ఇంత పెద్ద మార్పు చేయాలంటే ముందు జనం అభిప్రాయం అడగాలి. వివాదమైతే సలహా చెప్పడానికి 2003లో ఒక స్వతంత్ర మండలి కూడా పెట్టుకున్నారు. మన దగ్గర మూసివేత అలా చెప్పి రాదు. '24 గంటల అత్యవసర సేవలు' అన్న బోర్డు గోడ మీదే ఉంటుంది. మత్తు డాక్టర్ బదిలీ అవుతారు, ఆ పోస్టు నిండదు. మత్తు ఇచ్చేవాళ్లు లేక ఆపరేషన్లు ఆగుతాయి. ఆపరేషన్లు లేవని కష్టమైన కాన్పుల్ని చేర్చుకోరు. చివరికి డ్యూటీ డాక్టర్ చేతిలో మిగిలేది రిఫరల్ చీటీ. 2005 ఆగస్టు 15న మొదలైన 108 ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ బండి ఏ గుమ్మం ముందు ఆగుతుందో, ఆ గుమ్మం లోపల ఎవరున్నారో 108 నిర్ణయించలేదు. తాళం వేయలేదు కాబట్టి ధర్నా లేదు. ధర్నా లేదు కాబట్టి ఎమ్మెల్యేను అడిగేవాళ్లూ లేరు.

2010 ఎన్నికల్లో టేలర్ ఓడిపోయారు. పార్లమెంటులో ఆయన కూర్చున్న తొమ్మిదేళ్లలో కిడ్డర్‌మిన్‌స్టర్‌కు పాత ఎమర్జెన్సీ తిరిగి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. చిన్నచిన్న గాయాలకు కట్టు కట్టే విభాగం మిగిలింది. అంతకు మించి ఏమొచ్చినా అంబులెన్స్ ఊరు దాటాల్సిందే.