పులిహోరలో గోధుమ ఎక్కడుంది?

పోయిన ఆదివారం బెంగళూరు హొరమావులో మాకు పిన్ని వరసయ్యే ఒకావిడ ఇంట్లో గృహప్రవేశం జరిగింది. పంక్తిలో కూర్చున్నాక పులిహోర వడ్డించబోతుంటే నేను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ అది చూసి, "అన్నమే కదే, ఇందులో గోధుమ ఎక్కడుంది?" అని అందరూ వినేలా అడిగింది. "ఇంగువ ఏ డబ్బాలోదో తెలియదు పిన్నీ" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు, ఒక పెద్దాయనైతే ఇంగువకు కూడా భయపడే రోగాలు వచ్చాయా అని జాలిపడ్డారు. నలుగురూ భోంచేస్తున్న చోట పేగుల గురించి మాట్లాడటం మర్యాద కాదు గనుక అక్కడ ఊరుకున్నాను. చెప్పవలసింది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నాకున్నది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది చిన్నపేగులోకి చేరినప్పుడు నా రోగనిరోధక వ్యవస్థ దానితో ఆగకుండా నా పేగు పొర మీద కూడా దాడి చేస్తుంది. తిన్నదాన్ని ఒంటికి అందించే చూషకాలు, అంటే పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్ళలా ఉండేవి, క్రమంగా అరిగి చదునైపోతాయి. ఇది గ్యాసు కాదు, అజీర్తి కాదు, గోధుమ పడకపోవడం అని తేలిగ్గా చెప్పుకునే సంగతీ కాదు. నా విషయంలో కడుపునొప్పి కంటే ముందు రక్తహీనత వచ్చింది. 2011 నుంచి 2017 వరకు ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నాను, హిమోగ్లోబిన్ మాత్రం తొమ్మిది దాటలేదు. ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగమే, ఈ జబ్బు ఎక్కువగా దెబ్బతీసేదీ ఆ భాగాన్నే అని తెలిసేసరికి ఆరేళ్ళు గడిచిపోయాయి. ఆ ఆరేళ్ళలో ఖర్జూరం తినమన్నవాళ్ళున్నారు, బెల్లం తినమన్నవాళ్ళున్నారు. అన్నం మానేసి రాత్రిళ్ళు చపాతీలు తింటే పొట్ట తేలికపడుతుందని చెప్పినవాళ్ళ మాట విని, నేను రెండేళ్ళపాటు రోజూ నాలుగు చపాతీలు తిన్నాను. ఆ సలహా ఇచ్చినవారి మీద నాకు కోపం లేదు, ఎందుకంటే తరవాత అదే సలహాను నేనూ మరో ఇద్దరికి ఇచ్చాను.

మన ప్రాంతంలో ఈ జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడటానికి కారణం ఉంది. సర్వేల ప్రకారం ఉత్తరభారతంలో సుమారు నూటికి ఒకరికి ఉండే ఈ వ్యాధి దక్షిణాదిన వెయ్యికి ఒకరికి మాత్రమే కనిపించింది. అందుకే ఇక్కడి డాక్టర్లకు అది వెంటనే తట్టదు. టీటీజీ అనే యాంటీబాడీల రక్తపరీక్ష, ఆ తరవాత ఎండోస్కోపీలో పేగు నుంచి తీసే చిన్న ముక్క పరీక్ష, ఈ రెండింటితో తేలిపోయే సంగతి ఇది. అయితే పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు. ముందే మానేస్తే యాంటీబాడీలు తగ్గి, జబ్బు ఉండి కూడా లేనట్టు ఫలితం రావచ్చు. ఎక్కడో చదివి ముందుగా గోధుమ మానేసిన నా స్నేహితురాలు పరీక్ష కోసం మళ్ళీ కొన్ని వారాలు బాధపడుతూ చపాతీలు తినవలసి వచ్చింది. రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మా అబ్బాయికీ మా తమ్ముడికీ కూడా పరీక్ష చేయించాం.

దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే చికిత్స. గోధుమే కారణమని నిరూపించినవాడు విల్లెమ్ డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. 1944-45 శీతాకాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడటం ఆయన అనుమానాన్ని బలపరిచాయని చెబుతారు. అదే యుద్ధకాలంలో మన బెంగళూరులో బియ్యానికి కొరత వస్తే ఎం.టి.ఆర్. హోటల్ వారు గోధుమ నుంచి తీసే బొంబాయి రవ్వతో ఇడ్లీ చేశారని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని కూడా చెబుతారు. ఒకే యుద్ధం అక్కడి పిల్లలకు గోధుమ లేకుండా చేసింది, ఇక్కడ ఇడ్లీలోకి గోధుమను తెచ్చింది. ఈ ఊళ్ళో పొద్దున్నే టిఫిన్‌కు వెళ్ళిన ప్రతిసారీ నాకు ఇది గుర్తొస్తుంది.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది వంటింటి సామాను గురించి. జబ్బు బయటపడ్డాక ఆహార నిపుణురాలు ఇచ్చిన కాగితం మీద తినదగినవీ తినకూడనివీ వరుసగా ఉన్నాయి. గరిటెలు, జల్లెడల గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాగితాన్ని నమ్మి ఆరు నెలలు చపాతీ ముట్టలేదు. అయినా రక్తపరీక్షలో యాంటీబాడీలు తగ్గవలసినంత తగ్గలేదు. చాటుగా తింటున్నారా అని డాక్టర్ అడిగితే నాకు ఏడుపొచ్చింది. ఇంటికి వచ్చి వంటింట్లో ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే దొంగ జల్లెడలో దొరికాడు. గోధుమపిండి జల్లించిన జల్లెడతోనే బియ్యప్పిండీ జల్లిస్తున్నాం. చపాతీలు ఒత్తిన చెక్కపీట మీదే జొన్నరొట్టె తడుతున్నాం. చపాతీ పిండి రాలి మాడిన ఇనప పెనం మీదే నా దోసె పోస్తున్నాం. చపాతీ పిండి కలిపిన గిన్నెను రుద్దిన పీచుతోనే నా కంచం తోముతున్నాం, ఆ పీచులో ముద్దలు ముద్దలుగా పిండి ఇరుక్కుని ఉంది.

ఇవన్నీ కలిపి ఎంత ఉంటుందిలే అని అడిగేవారి కోసం ఒక లెక్క చెబుతాను. గ్లూటెన్ లేని ఆహారం అని డబ్బా మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉండాలని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నిబంధన, అంతర్జాతీయ ప్రమాణమూ అదే. గోధుమపిండిలో దాదాపు పదో వంతు గ్లూటెనే ఉంటుంది గనుక, కిలో రాగిపిండిలో పావు గ్రాము గోధుమపిండి, అంటే రెండు వేళ్ళ మధ్య పట్టే చిటికెడు కూడా కాదు, కలిస్తే చాలు ఆ హద్దు దాటిపోతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు ఇచ్చి చూసిన పరిశోధనలో పేగు పొర దెబ్బతినడం కనబడింది. ఒక చపాతీలో ఉండేది సుమారు మూడు గ్రాములు, అంటే మూడు వేల మిల్లీగ్రాములు. కాబట్టి ఆ చపాతీలో చిన్న తునక రోజూ నా కంచంలోకి చేరుతున్నా నేను గోధుమ మానినట్టు కాదు.

అలాగని అన్నిటికీ భయపడనక్కర్లేదు. గ్లూటెన్ సూక్ష్మజీవి కాదు, ప్రోటీన్. ఉడికించినా వేయించినా పోదు గానీ, సబ్బుపెట్టి తోమి కడిగితే నున్నటి స్టీలు గిన్నె నుంచి పోతుంది. నేను గిన్నెలు, కుక్కరు మార్చలేదు. కడిగినా లోపలి సందుల్లో పిండి దాగేవాటినే మార్చాను: జల్లెడ, చెక్కపీట, పెనం, మిక్సీ జారు, తోముడు పీచు. నా గరిటెల పిడులకు ఎర్ర దారం చుట్టాను. గోధుమపిండి డబ్బా కింది అరలోకి, నా సామాను పై అరలోకి మారాయి, ఎందుకంటే పిండి రాలేది కిందికే. మా ఇంట్లో మిగతావాళ్ళు చపాతీ మానలేదు, మానమని నేను అడగనూ లేదు. నా వంట ముందు అయిపోయి, మూతలు పెట్టాక వాళ్ళ పిండి డబ్బా తెరుస్తారు.

ఇంతకంటే కష్టమైనది పిండి మిల్లు. మాది హిందూపురం. సంగటి తిని పెరిగినదాన్ని కాబట్టి గోధుమ పోతేనేం, రాగులున్నాయిగా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. దేశంలో రాగులు అన్నిటికన్నా ఎక్కువగా పండేది కర్ణాటకలోనే. కానీ ఆ రాగులను పట్టించేది ఏ మరలో? మా వీధి చివరి మిల్లులో నా ముందున్నావిడ అయిదు కిలోల గోధుమలు పట్టించుకుని వెళ్తుంది, వెనకే నా రాగులు పోస్తారు, ముందుగా రాలే దోసెడు పిండి తెల్లగా ఉంటుంది. మిల్లతను మంచివాడు, ఆ మొదటి దోసెడు తీసి పక్కన పెట్టేవాడు కూడా. పావు గ్రాము లెక్క ముందు ఆ మంచితనం చాలదు. చివరికి పద్దెనిమిది వేలు పెట్టి ఇంటికే చిన్న పిండి మర కొన్నాం. ఇప్పుడు కె.ఆర్. మార్కెట్‌లో రాగులు, జొన్నలు గింజలుగానే కొని, ఏరి, కడిగి, మిద్దె మీద ఆరబోసి ఇంట్లోనే పట్టుకుంటున్నాను. ఆ ఏరడంలో గోధుమగింజలు ఎన్ని దొరుకుతాయో చూసినవారెవరూ నన్ను చూసి నవ్వరు. పద్దెనిమిది వేలు పెట్టలేనివాళ్ళు ఈ జబ్బుతో ఎలా బతుకుతున్నారో అని మాత్రం ఆ మర తిరుగుతున్నంతసేపూ అనిపిస్తుంది.

ఎర్ర దారాలు చూసిన కొత్తలో మా తోడికోడలు, "ఏమక్కా, మడి మొదలుపెట్టావా?" అంది. ఆ పోలిక నాకు నచ్చదు. మడి పేరుతో మనుషులను గడప అవతల నిలబెట్టిన ఇళ్ళను నేను చూశాను. పోలికే కావాలంటే ఆవకాయ జాడీ ఉంది. తడి గరిటె పెట్టకూడదు, పెట్టిన పొడి గరిటెను మరో దాంట్లో ముంచకూడదు, ఒక్క చుక్క నీరు పడితే ఏడాది పచ్చడి బూజుపడుతుంది అని ప్రతి తెలుగింట్లో ఏడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఆ జాగ్రత్తను ఎవరూ అతి అనరు. పచ్చడికి ఉన్న ఆ పాటి హక్కు నా పేగుకు లేదా అని మా అత్తగారితో ఒకసారి అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూస్తే నా పోపులపెట్టెను తుడిచి, దానికి వేరే చెంచా పెట్టి, పై అరలో తన చేత్తో సర్దేశారు. ఆ పెద్దావిడ నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు ఇప్పటికీ కొత్త నూనెలో మొదటి వాయిగా నా అరిసెలు వండి, ఆ తరవాతే అదే మూకుడులో మైదా కజ్జికాయలు వేస్తారు. నాకు ఏ డాక్టరూ చెప్పని వరస అది.

ఇప్పుడు ఇంగువ సంగతి. అసలైన ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే బంక. అది తిన్నగా వాడలేనంత ఘాటుగా ఉంటుంది. అందుకని తుమ్మబంకతోనూ ఏదో ఒక పిండితోనూ కలిపి అమ్ముతారు. ఆ పిండి కొన్నిటిలో బియ్యప్పిండి, చాలావాటిలో మైదా లేదా గోధుమపిండి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, గోధుమ ఉందని విడిగా చెప్పాలనే నిబంధన కూడా ఉంది. కానీ మనం ఇంగువను వాసన చూసి కొంటాం, డబ్బా చదివి కొనం. పులిహోర, సాంబారు, చారు, మాగాయ, మజ్జిగ మిరపకాయలు, అన్నిట్లోకీ అది చేరుతుంది. అన్నం తినే జాతికి ఈ జబ్బుతో ఇబ్బందేమిటని అడిగేవారికి నా జవాబు ఆ డబ్బా వెనకే ఉంది.

బయట తిండి గురించి ఎక్కువ చెప్పను. దర్శినిలో, అంటే ఈ ఊళ్ళో నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఒకే పెద్ద పెనం మీద రవ్వదోసె, సాదా దోసె పక్కపక్కనే కాలుతాయి; నీళ్ళు చల్లి అదే చీపురుతో మొత్తం ఊడుస్తారు. అక్కడ నేను కాఫీ మాత్రం తాగుతాను. నాకు నిజంగా ఒళ్ళు మండేది చిరుధాన్యాల పేరుతో జరిగే వ్యాపారం మీద. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక ఈ ఊళ్ళో ఏ దుకాణంలో చూసినా రాగి బిస్కెట్లు, జొన్న సేమ్యాలే. పెట్టె ముందువైపు రాగి కంకి బొమ్మ. వెనక్కి తిప్పితే చాలావాటి పదార్థాల వరసలో మొదట ఉండేది గోధుమపిండే. బరువు తగ్గడానికి గోధుమ మానేసి, ఆదివారం మాత్రం పరోటా తినేవాళ్ళు పెరిగాక, హోటల్లో నేను గ్లూటెన్ గురించి అడిగితే వడ్డించేవాళ్ళకు నేనూ వాళ్ళలో ఒకదాన్నిలా కనిపిస్తున్నాను. "కొంచెమే మేడమ్, ఏం కాదు" అంటారు. ఏం కాకపోవడం కనబడుతుంది, అయ్యేది కనబడదు. ఆ కొంచెం తిన్న రోజు నాకు ఒక్కోసారి నొప్పి కూడా రాదు. లోపల మాత్రం పేగు అరుగుతూనే ఉంటుంది.

పిన్ని ఇంకా కోపంగానే ఉందని మా అమ్మ ఫోనులో చెప్పింది. నిన్న నేనే ఫోను చేసి క్షమించమన్నాను, ఆ రోజు వాడిన ఇంగువ డబ్బా వెనకవైపు ఫోటో తీసి పంపమని కూడా అడిగాను. వంటవాళ్ళు తెచ్చుకున్న డబ్బా అట, వాళ్ళను కనుక్కుని చెబుతానంది. ఇంకా ఏమీ రాలేదు.