ఉప్పు డబ్బా గారికి, తమరి ఉప్పు తిన్నవాడు రాయునది

ఉప్పు గారికి నమస్కారాలు,

తమరు క్షేమమనే తెలుసు, తడి తగలకుండా మూత బిగించి చూసుకుంటున్నాం కదా. నా క్షేమం సంగతి నిన్న తేలింది. శనివారం పొద్దున్నే ఖాళీ కడుపుతో హెల్త్ చెకప్‌కి వెళ్ళి పన్నెండింటి దాకా టోకెన్ పట్టుకుని కూర్చుంటే, బీపీ 160/100. సిస్టరు మూడుసార్లు పట్టీ చుట్టి "మెట్లెక్కి వచ్చారా సార్" అని ఆశగా అడిగింది. లిఫ్ట్‌లో వచ్చానమ్మా.

డాక్టరు గారు సిగరెట్, షుగరు, వాకింగు అన్నీ అడిగారు. నడుం కొలిస్తే 98 సెంటీమీటర్లు, మన మగాళ్ళకి 90 దాటకూడదట, ఆ టేపు సంగతి ఇంకో ఉత్తరంలో చూస్కుంటా. చివరికి తమరి పేరొచ్చింది. రోజుకి 5 గ్రాములు దాటకూడదట, అంటే ఒక్క టీస్పూను, అదీ మూడు పూటలకీ అన్నిట్లో కలిపి! మా ఇంట్లో అది మజ్జిగ పులుసుకే చాలదండీ.

సరే అని మిమ్మల్ని డైనింగ్ టేబుల్ మీంచి తీసి పై అరలో పెట్టేశా. గెలిచేశా అనుకున్నా. పెరుగన్నంలో ఉప్పెయ్యొద్దన్నా, అమ్మ వెయ్యలేదు పాపం, "చప్పగా ఉంటుంది కదరా" అని ఇంకో ఆవకాయ ముక్క వేసింది. పక్కన రెండు అప్పడాలు, ఊరమిరపకాయ. ఇందులో ఉప్పేముందిరా అంటుంది, ఆ ఆవకాయ మూడోనాడు తిరగకలిపి, నాలిక్కి రాసుకుని చూసి, చాల్లేదని ఇంకో గుప్పెడు వేసింది తనే, జాడీ పట్టుకున్నది నేనే.

అక్కడే కాలింది నాకు. ఇంక మీరూ లేదు గీరూ లేదు. అసలు నువ్వు డబ్బాలో ఎక్కడున్నావ్? ఇడ్లీ పిండిలో ఉన్నావ్, దాని చట్నీలో ఉన్నావ్, బ్రెడ్‌లో, మిక్చర్ ప్యాకెట్లో, ఆఖరికి టీలో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్లో కూడా నువ్వే. నిన్ను పట్టుకోడానికి ఆంధ్రలో జనం చేత 24 గంటల మూత్రం పట్టించి కొలవాల్సి వచ్చింది, మనిషికి తొమ్మిది గ్రాముల పైచిలుకు తేలావ్. ఒంట్లోకి ఒక్కడివే రావు, నీళ్ళని వెంటేసుకొస్తావ్, రక్తం పెరిగి నాళాల గోడల్ని తోస్తుంటే గుండె ఏళ్ళ తరబడి ఎదురీదాలి, ఒక్క నొప్పి ఉండదు. కారమే నయం, కళ్ళమ్మట నీళ్ళు తెప్పించి ముందే చెప్తుంది. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల చావుల లెక్క 2006లో అచ్చయింది, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. సిటీలు కాదు, పల్లెలు! అన్నీ నీ పనే అనను, బీడీ ఉంది, షుగరుంది. కానీ వాటితో ఎవరూ దిష్టి తీయించుకోరు కదా, 1930లో వాటికోసం ఎవరూ లాఠీదెబ్బలు తిన్లేదు కదా, ఉప్పు తిన్న విశ్వాసం మాకేనా, నీకుండక్కర్లేదా?

మా బావ నీ గులాబీరంగు తమ్ముణ్ణి తెచ్చాడు, ఆరోగ్యమట. వాడూ సోడియమే, రేటే ఎక్కువ.

రాత్రి ఉప్పు తగ్గించి పప్పు వండారు. దేవుడి మీదొట్టు, గడ్డి. నాలుగు ముద్దలు ఎలాగో మింగా. ఐదో ముద్దకి స్టూలేసుకుని పై అర దాకా వెళ్ళా. నువ్వక్కడ లేవు. అమ్మ కంచం పక్కన ఉన్నావ్, మూత తీసి, ఆవిడ బీపీ మాత్రల షీటు పక్కనే.