అనిచ్‌కోవ్ వంతెన మీది ప్లాస్టర్ గుర్రాలకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాస్టర్ గుర్రాల జంట గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అలా రాయడం మర్యాద కనుక రాశాను. మిమ్మల్ని దించేసి నూట డెబ్బై ఏళ్లు దాటింది, మీ క్షేమం అడిగేంత అమాయకత్వం నాకు లేదు. అయినా ఆ కొలువులో నిజాయితీగా పనిచేసిన ఉద్యోగులు మీరొక్కరే అనిపించి, ఆలస్యంగానైనా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1841లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఫొంటాంకా నది మీద కొత్త అనిచ్‌కోవ్ వంతెన తెరిచారు. పడమటి చివర కంచు గుర్రాలు, వాటి కళ్లేలు పట్టిన కంచు మనుషులు. తూర్పు చివరకు కంచు పోత ఇంకా సిద్ధం కాలేదు. అందుకని కంచురంగు పూసి మిమ్మల్ని నిలబెట్టారు. పైన పటారం, లోన లొటారం. నాలుగు రోజుల ముచ్చటే అనుకుని ఎక్కి ఉంటారు. తాత్కాలిక ఉద్యోగాల సంగతి పాపం మీకేం తెలుసు!

మరుసటి ఏడాదే మీ స్థానంలోకి రావలసిన కంచు జత సిద్ధమైంది. కానీ రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్ గారికి దానగుణం ఎక్కువ. వంతెన దాకా రానివ్వకుండానే ఆ జతను జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు నాలుగవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌కు కానుకగా బెర్లిన్ పంపేశారు. పోత పోసిన శిల్పే వాటి వెంట వెళ్లి అప్పగించి వచ్చాడు, చేతికి ఒక పతకం దక్కింది. అక్కడ రాజభవనం ముందు నిలిపిన గుర్రాలకు బెర్లిన్ జనం పేర్లు కూడా పెట్టారు. పగ్గం బిగించి ఆపుతున్న దానికి ‘అడ్డగించిన ప్రగతి’ అని, వెనక్కి నెడుతున్నట్టున్న దానికి ‘ప్రోత్సహించిన తిరోగమనం’ అని. రాజుగారి పాలన మీద విసుగును అంత పొదుపుగా చెప్పిన మాట నాకు మరొకటి తెలియదు.

శిల్పి మళ్లీ మూసలు కట్టాడు, మళ్లీ పోత పోశాడు. ఈసారి కంచు జత వంతెన ఎక్కింది కూడా. మీరు ఊపిరి పీల్చుకున్నారు. 1846లో చక్రవర్తి గారికి నేపుల్స్ రాజు గుర్తొచ్చాడు. ఇటలీ ప్రయాణంలో తమ కుటుంబానికి ఆతిథ్యం ఇచ్చినవాడు, ఏదో ఒకటి ఇవ్వాలి కదా. వంతెన మీది జతను దించి ఓడెక్కించారు. ఇప్పటికీ అవి అక్కడి రాజభవనం తోట ద్వారం దగ్గర ఉన్నాయి. మిమ్మల్నో, మీ తోబుట్టువులనో మళ్లీ పిలిపించి రంగు వేశారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు మా వైపు. ఇక్కడ సొమ్ము శిల్పిది, పుణ్యం చక్రవర్తిది, ఎండా వానా మంచూ మీవి.

మీ యజమాని, ఆ శిల్పి, బారన్ ప్యోత్ర్ క్లోట్ ఫాన్ యూర్గెన్స్‌బుర్గ్ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వంశనామం పలకడానికే ఒక పూట పడుతుంది, పెట్టెలో మాత్రం పైసా లేదు. బాల్టిక్ జర్మన్ ప్రభువుల వంశం. తండ్రి సేనాని, నెపోలియన్ మీద 1812 యుద్ధంలో పోరాడినవాడు. ఆయన చిత్రం శీతాకాల భవనంలోని వీరుల మందిరంలో వేలాడుతుంది, కొడుక్కి ఆస్తిగా మిగిలింది దాదాపు అంతే. ఇంకొకటి కూడా ఉంది లెండి. తండ్రి దూరాన కొలువులో ఉన్నప్పుడు పేకముక్కలతో గుర్రాలు కత్తిరించి ఉత్తరాల్లో పెట్టి కొడుక్కి పంపేవాడని కుటుంబ కథనం. ఫిరంగి దళంలో అధికారి ఉద్యోగం మానేసి ఈయన నేలమాళిగలో గుర్రపు బొమ్మలు చెక్కుతూ కూర్చోవడానికి బీజం అక్కడే పడిందేమో.

పెళ్లి కథ మరీ బాగుంటుంది. కళా అకాడమీ పెద్ద, శిల్పి మార్తోస్ గారి కూతురిని అడిగితే తల్లి ఒప్పుకోలేదట. బారనే కావచ్చు, బీదవాడికి పిల్లనెలా ఇస్తాం? అయితే ఇంట్లో ఉన్న మేనకోడలు ఉల్యానా సంగతేమిటని అడిగాడట, ఆ పిల్లనైతే సంతోషంగా ఇచ్చేశారు. అక్కడ కూడా అసలుకు బదులు మరొకరు! తేడా ఏమిటంటే, ఆవిడ ప్లాస్టర్ కాదు. నీతికథల రచయిత క్రిలోవ్ స్మారకం కోసం ఎలుగుబంటితో సహా జంతువులను మొగుడు ఇంట్లోనే పెంచితే, ఆ కొంపను నడిపిన మనిషి. బెర్లిన్ రాజు పతకం నిజానికి ఎవరికి వెళ్లాలో నాకు సందేహమే. కొడుకు మిహయీల్ చిత్రకారుడయ్యాడు. అదే పేరున్న మరో మిహయీల్ క్లోట్, శిల్పి తమ్ముడి కొడుకు, ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు. చరిత్రకారులు ఇప్పటికీ తికమకపడుతుంటారు.

“క్లోట్, నువ్వు మగగుర్రం కన్నా మేలైన గుర్రాలను పుట్టిస్తావు” అని చక్రవర్తి మెచ్చుకున్నాడని చెప్పుకుంటారు. మెచ్చుకోలు బాగానే ఉంది. పుట్టించిన ప్రతి పిల్లనూ పొరుగు రాజులకు పంచిపెట్టడమే బాగాలేదు.

చివరికి మీకు విముక్తి వచ్చిన తీరు చూడండి. మూడోసారి అదే జత పోయడానికి బారన్‌కు మనసు రాలేదు. రెండు కొత్త శిల్పాలు కల్పించి 1850లో తూర్పు చివర నిలబెట్టాడు. గుర్రం తిరగబడటం నుంచి లొంగడం దాకా ఒకే కథ ఇప్పుడు నాలుగు మూలల్లో నడుస్తుంది. ఆ కథ సగం చక్రవర్తి దాతృత్వం చలవే అని గైడ్లు చెప్పరు, నేను చెబుతున్నాను. 1941లో జర్మన్ సేనలు నగరాన్ని ముట్టడించిన సమయంలో ఆ నాలుగింటినీ దించి పక్క తోటలో పాతిపెట్టారు, 1945లో మళ్లీ ఎక్కించారు. దిమ్మె మీద ఫిరంగి గుండు చేసిన గాయానికి కూడా ఫలకం ఉంది. మీకు లేదు.

బాధపడకండి, ఇంకో వార్త ఉంది. నికొలాయ్ గారు 1855లో కాలం చేశాక, ఆయన విగ్రహం కింద గుర్రాన్ని చేసింది కూడా మీ యజమానే. వెనక కాళ్లు రెండింటి మీదే నిలబడే కంచు గుర్రం. 1859 నుంచి సెయింట్ ఐజాక్ చౌకులో ఉంది, ఏ రాజుకూ కానుకగా వెళ్లలేదు. పంపే ఆయన దాని మీదే కూర్చున్నాడు మరి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి