సరస్సును గడ్డకట్టించగలడు గానీ కత్తి చేసుకోలేడు

బ్రిటన్ పురాణాల్లోని ఆర్థర్ రాజు కథలో వందల ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని ఒక ఘోర సమస్యను 2011లో స్టార్జ్ అనే అమెరికన్ టీవీ చానెల్ వాళ్లు పరిష్కరించారు. సరస్సులోంచి ఒక స్త్రీ చెయ్యి పైకొచ్చి ఎక్స్‌కాలిబర్ కత్తిని చూపిస్తుంది కదా, ఇంతకీ ఆ చెయ్యి ఎవరిది? పిచ్చిజనం ఇన్నాళ్లూ చెయ్యి వచ్చింది, కత్తి దొరికింది అని నోరు తెరుచుకుని విన్నారు. మన ఇళ్లలో అయితే, ద్రౌపదికి చీరలు ఏ కొట్టు నుంచి వచ్చాయి నానమ్మా అని అడిగినవాడికి మొట్టికాయ పడేది. ‘కామెలాట్’ సీరియల్ రాసినవాళ్లకు మాత్రం ఆ మొట్టికాయ వేసే నానమ్మ లేకపోయింది.

వాళ్లు తేల్చింది వినండి. ఆర్థర్ కోసం కత్తి చేయించడానికి అతని మాంత్రికుడు మెర్లిన్ ఒక కమ్మరి దగ్గరికి వెళ్తాడు. ఆ కమ్మరికి ఒక కూతురు, ఆ పిల్ల పేరు ఎక్స్‌కాలిబర్. నవ్వకండి, ఇది చాలా సీరియస్ సీరియల్. కత్తి దగ్గర గొడవై మెర్లిన్ చేతిలో కమ్మరి చస్తాడు, కూతురు కత్తి తీసుకుని పడవెక్కి పారిపోతుంది. అప్పుడు మన మెర్లిన్ ఏం చేస్తాడంటే, సరస్సును గడ్డకట్టిస్తాడు. అవును, సరస్సునే! అంత శక్తి ఉన్నవాడు ఒక్క కత్తి కోసం కమ్మరి గుమ్మం ముందు ఎందుకు నిలబడ్డాడు, పోనీ పడవను ఒడ్డుకు లాగే చిన్న మంత్రమైనా రాదా అని మీరు అడగకూడదు, ఎందుకంటే మంత్రం వేస్తే ఆయన ఒళ్లు గుల్లవుతుందట, అందుకని పొదుపుగా, ఉన్నవాటిలోకెల్లా పెద్ద మంత్రం వేశాడన్నమాట. ఆ పిల్ల మునిగిపోతుంది, కత్తి పట్టుకున్న చెయ్యి పైన మిగులుతుంది, మెర్లిన్ ఆ కత్తి పట్టుకుని కోటకు వచ్చి ఆర్థర్‌కు సరస్సు దేవత కథ చెప్తాడు. మెర్లిన్ వేషంలో గుండు చేయించుకున్న జోసెఫ్ ఫియెన్స్ ఇదంతా జాతక దోషం ఉన్నవాడిలా మొహం పెట్టుకుని చేస్తుంటే, పాపం జాలేస్తుంది.

అంటే అద్భుతం అనేది హత్యను దాచడానికి అల్లిన అబద్ధం. దీన్నే వాస్తవికత అంటారు, మనం చప్పట్లు కొట్టాలి.

సరే, ఇదైనా క్షమించొచ్చు. ఈ కథలో ఇంకో కత్తి ఉంది, రాతిలో దిగిన కత్తి, దాన్ని పీకినవాడే రాజు; ఆ కత్తిని తీసుకెళ్లి జలపాతం మీద పెట్టారు చూడండి, అది మాత్రం క్షమించను. అక్కడ ఆర్థర్ తడిసిన చొక్కాతో కొండ పాకి కత్తి పీకుతాడు. ఆర్థర్ కథలు రాసిన ఇంగ్లిష్ రచయిత మాలరీ పుస్తకం 1485లో అచ్చయింది, అందులో ఏముంది? చర్చి ఆవరణలో రాయి, దాని మీద దాగలి, అందులో దిగి ఉన్న కత్తి. కలిసి పెరిగిన అన్న, కే అనేవాడు, కత్తియుద్ధాల పోటీకి వచ్చి కత్తిని బసలో మర్చిపోతే ఆర్థర్ వెనక్కి పరిగెడతాడు, అక్కడ తలుపు తీసేవాళ్లుండరు, అన్న చేతిలో కత్తి లేకుండా ఎలాగని దార్లో ఉన్న ఈ కత్తిని లాక్కుని పోతాడు. వాడికి రాజ్యం వద్దు, అసలు ఆ ధ్యాసే లేదు! పెంచిన తండ్రి ఎక్టర్ తన ముందు మోకాళ్ల మీద కూర్చుంటే, ఇదేంటి నాన్నా అని ఏడుస్తాడు వాడు. కిరీటం వచ్చిన క్షణంలోనే తండ్రి తండ్రి కాకుండా పోయాడు. ఇంత గొప్ప ఘట్టం చేతిలో పెట్టుకుని మీకు కావలసింది జలపాతమా? సర్కస్ ఫీటా? సిగ్గుండాలి. రాయడం రాకపోతే ఉన్నది ఉన్నట్టు తీయొచ్చు, దానికి డబ్బు కూడా తక్కువే అయ్యేది.

ఆర్థర్ సవతి అక్క మోర్గాన్‌గా ఇవా గ్రీన్ మాత్రం బాగా చేసింది, ఆమె వేరే సీరియల్ నుంచి తప్పిపోయి వచ్చిందనుకోవాలి.

పది ఎపిసోడ్లకే చానెల్ దుకాణం కట్టేసింది. ఆర్థర్ వీరులు వెతికే పవిత్రమైన గ్రెయిల్ గిన్నె జోలికి ఇంకా వెళ్లలేదు కాబట్టి ఎవరో ఒక కుమ్మరి కుటుంబం బతికిపోయింది.