ఆర్డీ ఇంజను, బుల్లెట్ ఫ్రేము: ఆ మెసేజ్ ఇక పంపకండి

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. విశాఖలో పాత బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్ల గ్రూపులన్నింటిలోనూ అదే తిరుగుతోంది. పంపుతున్నవాళ్లు నాకు కావలసినవాళ్లే. అందుకే ఇంత కోపం. దాని సారాంశం ఇది: పాత ఫ్రేములన్నీ ఒకటే, బ్రాకెట్ వెల్డింగ్ చేయిస్తే ఏ ఇంజనైనా కూర్చుంటుంది. బుల్లెట్, ఆర్డీ (యమహా ఆర్డీ 350, మన దగ్గర పేరు రాజ్‌దూత్ 350) రెండూ 350 సీసీయే కనుక ఒకదాని ఇంజను ఇంకోదానికి సరిపోతుంది. టూ స్ట్రోక్ ఇంజన్లన్నీ ఒకటే. జావా ఇంజను యెజ్డీకి పడుతుంది. మైలేజీ పెరుగుతుంది. యాభై ఏళ్లు దాటిన బండిని ఆర్టీఓ అడగరు, అడిగినా ఇంజను మీద నంబరు కొట్టించుకుంటే చాలు.

మైలేజీ సంగతి ముందే తీసేద్దాం. పెట్రోలు తాగే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఆర్డీ ఇంజను బిగించుకుని మైలేజీ అడిగేవారికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇక "రెండూ 350లే" అన్న మాట. పాత బుల్లెట్‌ది 346 సీసీ, ఒకే పెద్ద పిస్టను, ఫోర్ స్ట్రోక్, 18 హార్స్ పవర్. రాజ్‌దూత్ 350ది 347 సీసీ, రెండు పిస్టన్లు, టూ స్ట్రోక్, హై టార్క్ మోడల్ అయితే 30.5 హార్స్ పవర్. సీసీ ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటైపోతాయా? శక్తి తేడా అలా ఉంచి, అసలు ప్రమాదం ఫ్రేములో ఉంది. బుల్లెట్ పక్కన కూర్చుని ఇంజను కిందకు చెయ్యి పోనివ్వండి. ముందు నుంచి దిగిన పైపు క్రాంక్‌కేస్ (ఇంజను అడుగు పెట్టె) ముందే ఆగిపోతుంది. అక్కడి నుంచి వెనక వరకు ఫ్రేము లేదు. ప్లేట్లు, బోల్టులతో బిగించిన ఇంజను, గేర్ బాక్సులే ఆ ఖాళీని కలుపుతాయి. అంటే ఇంజను ఫ్రేములో కూర్చున్న వస్తువు కాదు, ఫ్రేములో ఒక భాగం. ఆర్డీలో అలా కాదు. రెండు పైపులు ఇంజను కింది నుంచి వెళ్లి దాన్ని మోస్తాయి. ఆ ఇంజనుకు బోల్టులు పట్టే చెవులు దాని బరువు, దాని అదురు తట్టుకోవడానికే పుట్టాయి, బండి మొత్తాన్ని నిలబెట్టడానికి కాదు. దాన్ని తెచ్చి బుల్లెట్‌లో వేలాడదీస్తే వంతెన తీసేసి ఆ చోట బల్ల వేసినట్టే.

"బ్రాకెట్ వెల్డింగ్ చేస్తే సరి" అంటున్నారు. ఎక్కడ సరి? వెల్డింగ్ వేడికి పైపులో అతుకు పక్కనున్న లోహం గుణం మారుతుంది. ఇంజను అదురు రోజూ సరిగ్గా ఆ అంచునే లాగుతుంది. మొదట కనిపించేది రంగు మీద వెంట్రుకంత గీత. మన ఉప్పుగాలికి ఆ గీత వెంట గోధుమరంగు మరక దిగుతుంది. చాలామంది దాన్ని మడ్డి అనుకుని తుడిచేస్తారు. అది పగులు. ఒక బ్రాకెట్ వదిలితే భారమంతా మిగతావాటి మీద పడుతుంది, ఇంజను పక్కకు ఒరుగుతుంది, చైను వరస తప్పుతుంది. ముందు స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్లచక్రం) పళ్లు ఒకవైపే పదునెక్కి ఉంటే ఆ పని మొదలైందన్నమాట. వరస తప్పిన చైను వేగంలో ఊడి స్ప్రాకెట్‌కూ క్రాంక్‌కేస్‌కూ మధ్య ఇరుక్కుంటే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. అరకు దారిలోని అనంతగిరి మలుపుల్లో అది జరిగితే ఏమవుతుందో వివరంగా రాయడం నాకు ఇష్టం లేదు. ఆ మెసేజ్ రాసినవాడు మాత్రం ఒక్క క్షణం ఊహించుకోవాల్సింది.

ఇంకోటి. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆర్డీకి గేరు ఎడమకాలికి. మార్పిడి అయ్యాక గేరూ బ్రేకూ రెండూ ఎడమవైపే మిగులుతాయి! అప్పుడు బ్రేకును కుడివైపుకు తెచ్చేందుకు మరో రాడ్డు, మరో వెల్డింగ్. ప్రాణం నిలబెట్టే బ్రేకు కూడా అతుకుల మీదే ఆధారపడుతుంది.

టూ స్ట్రోక్‌లన్నీ ఒకటి కావు. పాత జావాలకు, చాలా యెజ్డీలకు నూనె పెట్రోలులోనే కలుపుతాం. యమహా ఆర్‌ఎక్స్ 100కు, ఆర్డీకి నూనె ట్యాంకు వేరు, పంపు వేరు. ఆర్‌ఎక్స్ ఇంజనును యెజ్డీలోకి దించి, నూనె ట్యాంకును పాత ఫ్రేముతోనే వదిలేసి, ఉత్త పెట్రోలు పోసి నడిపితే నూనె అందక పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది.

జావా ఇంజను యెజ్డీకి పడుతుందన్నది మాత్రం చాలావరకు నిజం. మైసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ 250లది ఒకే వంశం. ఆర్‌ఎక్స్ 135 ఇంజను ఆర్‌ఎక్స్ 100 ఫ్రేములో ఏమీ కోయకుండానే కూర్చుంటుంది. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. క్రాంక్ పాడైన యెజ్డీని తుక్కుకు వేయడం కన్నా అదే మోడల్ ఇంజను వెతికి తెచ్చి బతికించుకోవడం మంచి పని. ఆ మేరకు నేను ఆ మెసేజ్ పక్షమే. కాకపోతే రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త ఇంజను నంబరును ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

ఇక "వింటేజ్ కనుక అడగరు" అన్నది పచ్చి అబద్ధం. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకే వర్తిస్తాయి. చాసిస్‌నో ఇంజనునో మార్చిన బండికి ఆ హోదా రాదు. అంటే ఫ్రేము కోసిన రోజే వింటేజ్ దారి మూసుకుపోతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడాపడేలా బండిని మార్చవద్దంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

నంబరు అరగదీసి కొత్తది కొట్టించుకోమనడం దొంగబండ్ల వాళ్లు చేసే పని. ఏపీ 31 (విశాఖ నంబరు) ఆర్సీని తండ్రి గుర్తుగా దాచుకున్నవాళ్లు ఆ గ్రూపుల్లోనే ఉన్నారు. వాళ్లకా ఈ సలహా?

ఇప్పటికే వెల్డింగ్ చేయించినవాళ్లు సింహాచలం ఘాట్ కూడా ఎక్కకండి. బ్రాకెట్ చుట్టూ రంగు గీకించి, అతుకు అంచు వెంట టార్చి వేసి చూడండి. గీత కనిపిస్తే బండిని నడపకుండా వ్యాన్ మీద వేయించి తీసుకెళ్లండి.