గర్భసంచి మూతి ఎర్రగా ఉంటే క్యాన్సరేనా? తిరుగుతున్న ఆ మెసేజ్ గురించి

ఈ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. "తెల్లబట్ట ఎక్కువ అవుతోందా, అయితే గర్భసంచి మూతి దగ్గర పుండు పడ్డట్టే. ఆ పుండే క్యాన్సర్‌కి మొదటి మెట్టు. స్కానింగ్ తీయించుకుంటే తెలిసిపోతుంది. పద్ధతిగా ఉండే ఆడవాళ్ళకి ఇది రాదు. పిల్లలు పుట్టేశాక ఇంక ఆ సంచితో పనేముంది, తీయించేసుకుంటే జీవితాంతం బెంగ ఉండదు." కింద దండం పెట్టే బొమ్మలు, పదిమందికి పంపండి అని ఒక ఆర్డరు. పంపేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు, కాదనను, కానీ ఇందులో ఒక్క ముక్క కూడా సరిగ్గా లేదు, పైగా చివరి సలహా నమ్మి ఆపరేషన్ టేబుల్ ఎక్కేవాళ్ళు ఉంటారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు ఆ "పుండు" సంగతి. గర్భసంచి మూతిని సెర్విక్స్ అంటారు. బయటికి కనపడే వైపు దానికి మందంగా, పొరలు పొరలుగా కణాలుంటాయి, లోపలి గొట్టంలో మాత్రం జిగురు తయారుచేసే కణాలు ఒకే వరసలో పల్చగా ఉంటాయి. ఈ లోపలి కణాలు కొంచెం బయటివైపుకి వచ్చి పరుచుకున్నాయనుకోండి, పొర పల్చన కదా, కింద రక్తనాళాలు కనపడిపోయి ఆ చోటంతా ఎర్రగా ఉంటుంది. కింది పెదవిని కిందకి లాగి అద్దంలో చూసుకోండి, లోపలంతా ఎర్రగానే ఉంటుంది, అక్కడేం గాయం కాలేదు కదా, ఇదీ అంతే. రిపోర్టులో ఎరోజన్ అనో ఎక్ట్రోపియన్ అనో రాసేది చాలావరకు దీన్నే. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ బాగా పనిచేసే వయసులో, కడుపుతో ఉన్నప్పుడు, హార్మోన్లు ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఇది మామూలే. ముట్లు ఆగిపోయాక సాధారణంగా దానంతటదే లోపలికి సర్దుకుంటుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కి ముందు దశా కాదు. ఇబ్బంది లేకపోతే మందులు కూడా అక్కర్లేదు. కొందరికి తెల్లబట్ట నీళ్ళలా ఎక్కువ అవుతుంటుంది, కలయిక తర్వాత చుక్కలు చుక్కలుగా రక్తం కనపడుతుంది, అలాంటివాళ్ళకి ముందు టెస్టులు చేసి వేరే ఏమీ లేదని తేలాక ఆ భాగాన్ని కరెంటుతో కాల్చడమో చల్లదనంతో గడ్డకట్టించడమో చేస్తారు, చిన్న ప్రొసీజరే.

అలాగని ఎర్రగా ఉంది అంటే ఊరుకోమని కాదు. మామూలు ఎరుపుకీ, క్యాన్సర్ వైపు మారే తేడా కణాలున్న చోటుకీ కంటిచూపుతో తేడా తెలియకపోవచ్చు. అందుకే టెస్టు కావాలి. నా గొడవంతా అదే, టెస్టు చేయాల్సిన చోట ఈ మెసేజ్ కత్తి పెట్టమంటోంది.

తెల్లబట్ట గురించి. కొంత అవ్వడం ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆడమనిషికీ ఉంటుంది, అండం విడుదలయ్యే రోజుల్లో జిగటగా, తీగలా సాగుతూ ఎక్కువ అవుతుంది, తర్వాత తగ్గుతుంది. రంగు, వాసన మారినా, దురద మంట ఉన్నా అప్పుడు ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. ముద్దముద్దగా అవుతూ బాగా దురద ఉంటే ఫంగస్ అయ్యుండొచ్చు, పల్చగా బూడిదరంగులో నీచువాసన వస్తే బ్యాక్టీరియల్ వెజైనోసిస్, పచ్చగా నురగలాగా ఉంటే ట్రైకోమోనాస్, ఇంకా క్లమిడియా, గనేరియా లాంటివి నేరుగా సెర్విక్స్‌నే వాచేలా చేస్తాయి. అన్నిటికీ మందులున్నాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో మందు, కాబట్టి పక్కింటావిడ వాడిన బిళ్ళలు మీరు వేసుకోవద్దు. లైంగికంగా అంటుకునేవైతే భర్త కూడా కోర్సు వాడాలి, లేకపోతే మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది (ఈ మాట ఇంట్లో చెప్పడం కష్టమని తెలుసు, అయినా చెప్పాలి). లోపలికి నీళ్ళు, లోషన్లు కొట్టి కడుక్కోవడం మాత్రం మానేయండి, అక్కడ కాపలా కాసే మంచి బ్యాక్టీరియా పోయి ఇన్‌ఫెక్షన్లకి దారి తెరుచుకుంటుంది.

స్కానింగ్ తీయిస్తే తెలిసిపోతుంది అన్నది అన్నిటికంటే ప్రమాదం అనిపిస్తుంది నాకు, ఎందుకంటే స్కానింగ్ నార్మల్ అని రాగానే చాలామంది హమ్మయ్య అనుకుని వదిలేస్తారు. అల్ట్రాసౌండ్‌లో ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే గడ్డలు), అండాశయంలో నీటిబుడగలు కనపడతాయి, సెర్విక్స్ పైపొర కణాల్లో మొదలయ్యే మార్పు కనపడదు. దానికి వేరే టెస్టులున్నాయి, సెర్విక్స్ మీద కణాలు కొన్ని తీసి చూసే పాప్ స్మియర్, క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందేమో చూసే డీఎన్ఏ టెస్టు, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌ని నీళ్ళలో కలిపి రాసి తెల్లమచ్చలు వస్తాయేమో చూసే టెస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేంటంటే 30 ఏళ్ళ నుంచి హెచ్‌పీవీ టెస్టు, నార్మల్ వస్తే మళ్ళీ 5 నుంచి 10 ఏళ్ళకొకసారి చాలు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళయితే 25 నుంచే మొదలుపెట్టి 3 నుంచి 5 ఏళ్ళకొకసారి. దేశాన్ని బట్టి ఈ లెక్కలు కొంచెం మారతాయి. ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాలి ఇది, బాధ మొదలయ్యాక చేసేదాన్ని స్క్రీనింగ్ అనరు.

ఇక పద్ధతిగా ఉండేవాళ్ళకి రాదట. ఈ లైన్ రాసినవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. సెర్విక్స్ క్యాన్సర్లలో దాదాపు అన్నిటికీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అందులోనూ 16, 18 అనే రెండు రకాలవల్లే 70 శాతం దాకా వస్తాయి, ఈ సంగతి బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హారాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. ఈ వైరస్ ఎంత మామూలంటే లైంగిక జీవితం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. జీవితంలో ఒక్కడే భాగస్వామి అయినా చాలు, ఆయనకి పెళ్ళికి ముందెప్పుడో తగిలి ఉంటే ఆవిడకి వస్తుంది, మగవాళ్ళకి సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు కూడా. చాలామందికి ఒకటి రెండేళ్ళలో ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా ఏళ్ళ తరబడి ఉండిపోయిన కొద్దిమందిలోనే కణాలు మారతాయి, అవి క్యాన్సర్ అవ్వడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళలో 5 నుంచి 10 ఏళ్ళే. పొగతాగడం ఆ రిస్కు పెంచుతుంది. ఇందులో పద్ధతి ఎక్కడుంది? ఈ మాట వల్ల జరిగేది ఒక్కటే, నన్ను ఏమనుకుంటారో అని ఆడవాళ్ళు టెస్టుకి వెళ్ళరు. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి టీకా వేయించమనేది కూడా ఇందుకే, వైరస్ తగలకముందే వేస్తే బాగా పనిచేస్తుంది. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక స్క్రీనింగ్ మాత్రం ఉంటుంది.

చివరిది గర్భసంచి తీయించేసుకోవడం. పైన చెప్పిన 15, 20 ఏళ్ళ టైము ఉందే, అదే మనకి దొరికిన అదృష్టం. క్యాన్సర్‌కి ముందు దశలో తేడా కణాలు దొరికితే ఆ కాస్త భాగాన్నే వేడితోనో చల్లదనంతోనో పోగొడతారు, లేదా కరెంటు తీగతో ఆ ముక్క తీసేస్తారు, లీప్ అంటారు దాన్ని, చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్ళిపోతారు. దానికి సంచి మొత్తం ఎందుకు? ఫైబ్రాయిడ్లతో రక్తస్రావం ఆగకపోతే, సంచి కిందకి జారిపోతే, క్యాన్సరే ఉంటే ఆ ఆపరేషన్ అవసరం పడొచ్చు, అది వేరే సంగతి. ఊరికే చేయించుకునేదైతే కాదు, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలే రిస్కు ఉంటుంది. అండాశయాలు ఉంచినా కొందరికి మెనోపాజ్ ముందే వచ్చేస్తుంది, చిన్న వయసులో వాటినీ తీసేస్తే ఒక్కసారిగా ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు రిస్కు పెరగడం.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ముందు టెస్టు చేయకుండా "పుండు ఉంది" అని మామూలుగా సంచి తీసేశాక, తీసిన దాన్ని ల్యాబ్‌లో పరీక్షించే బయాప్సీలో లోపల నిజంగానే క్యాన్సర్ ఉందని తేలిందనుకోండి. క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్ వేరు, చుట్టుపక్కల కణజాలం, అవసరమైతే లింఫ్ గ్రంథులు కూడా తీయాల్సి ఉంటుంది, కొన్ని దశల్లో అసలు ఆపరేషన్ కాకుండా రేడియేషన్, కీమో ఇస్తారు. సగం ఆపరేషన్ అయిపోయాక ఆ ట్రీట్‌మెంట్ చిక్కుపడిపోతుంది. అంటే ఈ సలహా క్యాన్సర్ లేనివాళ్ళకి అనవసరం, ఉన్నవాళ్ళకి నష్టం.

కాబట్టి ఎవరైనా ఆపరేషన్ అంటే, హెచ్‌పీవీ లేదా స్మియర్ రిపోర్ట్ ఏమొచ్చింది, కాల్పోస్కోపీ (సెర్విక్స్‌ని పెద్దదిగా చూపే పరికరంతో చూడడం) చేశారా, బయాప్సీ ఉందా అని అడగండి, ఇంకో డాక్టర్‌కి చూపించుకోండి. కలయిక తర్వాత రక్తం పడుతున్నా, నెలసరుల మధ్యలో అవుతున్నా, మెనోపాజ్ వచ్చాక ఒక్క చుక్క కనపడినా మాత్రం స్క్రీనింగ్ టైము కోసం ఆగకుండా వెంటనే వెళ్ళండి. ఆపరేషన్ ఇప్పటికే అయిపోయినవాళ్ళు డిశ్చార్జ్ కాగితాల్లో సెర్విక్స్ కూడా తీశారో లేదో చూసుకోండి, కొన్ని ఆపరేషన్లలో దాన్ని ఉంచేస్తారు, ఉంచితే స్క్రీనింగ్ మామూలుగానే సాగాలి, తేడా కణాల కోసమే తీసి ఉంటే యోని పైభాగానికి కూడా టెస్టులు ఎన్నాళ్ళు చేయాలో అడిగి రాయించుకోండి.