డాలస్ ఎండలో నిక్షేపాల వేట

ఎండను తట్టుకోవడానికి మనిషి వెంట తీసుకువెళ్లే సామగ్రిలో లోహం లేని వస్తువు దాదాపుగా ఉండదు. గొడుగుకు ఉక్కు కమ్ములు, మంచినీళ్లకు స్టీలు ఫ్లాస్కు, శీతల పానీయాలకు అల్యూమినియం డబ్బాలు, చతికిలబడడానికి ఇనుప గొట్టాల మడతకుర్చీ. ఇవేవీ అక్కర్లేదని తలకు తడి తువాలు చుట్టుకొని బయలుదేరిన వాడికి కూడా నడుముకు వెండి మొలతాడు ఉండనే ఉంటుంది. భూమిలో దాగిన లోహాన్ని పసిగట్టే యంత్రాన్ని చేతపట్టి నడివేసవిలో బయటికి వెళ్లే వారికి ఈ సంగతి ఎప్పటికైనా తెలిసి తీరుతుంది. మా అల్లుడుగారికి నలుగురి ఎదుట తెలిసింది.

ఆయన డాలస్‌కు ఉత్తరాన ఒక శివారు ఊళ్లో కాపురం ఉంటున్నారు. ఉద్యోగం సాఫ్ట్‌వేరు, అభిరుచి మెటల్ డిటెక్టరు. (అభిరుచి అన్నది ఆయన మాట, యంత్రం ఖరీదు తెలిసిన మా అమ్మాయి దాన్ని వ్యసనమంటుంది.) పొడవాటి కడ్డీ చివర గుండ్రని తీగచుట్ట ఒకటి ఉంటుంది. అందులో కరెంటు పారినప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రం నేలలోని లోహాన్ని తాకితే ఆ లోహంలోనూ చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు సుడులు తిరుగుతాయట, వాటి జవాబును యంత్రం పట్టుకొని చెవిలో కూస్తుందట. ఆ కూతను బట్టీ, తెర మీద కనబడే అంకెను బట్టీ అది మేకో నాణెమో ఊహించాలి. ఈ విద్యకు ఆ ప్రాంతంలో పెద్ద పరంపరే ఉంది. చార్లెస్ గారెట్ అనే ఆయన 1964లో ఇటువంటి యంత్రాల కంపెనీ స్థాపించినది డాలస్ పక్కనే ఉన్న గార్లండులో. విమానాశ్రయాల్లో మన ఒంటి చుట్టూ తిప్పే చేతికర్రలను కూడా ఆ కంపెనీ తయారుచేస్తుంది కనుక, ఆ కూతతో మనలో చాలామందికి పరిచయం ఉండే ఉంటుంది.

చిరకాలం రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఈ అభిరుచి మొదట్లో గుండెదడ కలిగించింది. భూమిలో దాగిన వస్తువేదైనా దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుగారికి రాతపూర్వకంగా తెలియజేయాలని మన 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. అల్లుడుగారు వారాంతంలో ఏరుకొచ్చే చిల్లర డాలర్లను రూపాయల్లోకి మార్చి చూస్తే, మన దేశంలో అయితే ఆయన ప్రతి సోమవారం కలెక్టరేటు మెట్లు ఎక్కవలసి వచ్చేది.

ఇక ఎండ సంగతి. మాది పల్నాడు. రెంటచింతల ఎండలు చూసిన వాళ్లకు మరో ఎండ లెక్క కాదని విమానం దిగిన రోజునే నేను ప్రకటించాను. అల్లుడుగారు మర్యాదగా తలూపి, డాలస్ ప్రాంతంలో 1980 జూన్ 26న, 27న వరసగా 113 డిగ్రీలు నమోదైందని చెప్పారు. అది ఫారెన్‌హీటు లెక్క. మన లెక్కలో సరిగ్గా 45. అంతేనా అని నేను మీసం దువ్వుకున్నాను. కాని మన రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టి దాని దారిన అది పోతుంది. మృగశిర రాగానే చినుకు పడుతుంది. అక్కడ రోహిణి ఆగస్టు దాకా కదలదు. 2011లో 71 రోజులు నూరు డిగ్రీలో అంతకు మించో నమోదైందన్న రెండో లెక్క కూడా విన్న తరువాత నేను రెంటచింతల ప్రస్తావన తగ్గించుకున్నాను.

అంత ఎండకు ఈ అభిరుచి ఎటూ కాకుండా పోతుంది. అక్కడి నేల మన నల్లరేగడి వంటిదే కావడం వల్ల వేసవిలో నెర్రెలు విచ్చి, చేతిపార దిగనంతగా గట్టిపడుతుంది. బలవంతంగా పచ్చికను కోసి గుంట తీస్తే, తిరిగి ఎంత జాగ్రత్తగా పూడ్చినా ఆ గడ్డి చెక్క వారంలో ఎండి ఊడిపోతుంది, పచ్చిక యజమాని ముఖం అంతకన్నా ముందే మాడుతుంది. అందుకని ఈ వేటగాళ్లలో కొందరు రాత్రిపూట నుదుటికి దీపం కట్టుకొని తిరుగుతారు. అల్లుడుగారు అదీ చేశారు. ఒక మిత్రుని తోటలో తెల్లవారుజామున ఘనమైన కూత వినబడితే వంగి చెవి ఒగ్గి, తీరా అది గడ్డికి నీళ్లు చల్లే గొట్టం మూతి అని గ్రహించే లోపల ఆ గొట్టానికి పెట్టిన గడియారపు వేళ అయింది. తడిసి ఇంటికి వచ్చారు. ఆ ఒక్క ఉదయం మాత్రం ఆయనకు ఎండ బాధ తెలియలేదని మా అమ్మాయి అంది.

మిగిలింది నీటి ఒడ్డు. ఇందులో తర్కం ఉంది. ఎండ భరించలేక జనం సరస్సులో దిగుతారు. చల్లటి నీళ్లకు వేళ్లు సన్నబడతాయి. ఎండ తగలకుండా రాసుకున్న లేపనం జారుడుగా ఉంటుంది. ఉంగరం ఇసుకలో కలిసిపోతుంది. కనుక వేసవి ముదిరిన కొద్దీ ఒడ్డున బంగారం పెరుగుతుందన్నది అల్లుడుగారి సిద్ధాంతం. అదే ఎండకు జనం తాగి పడేసే డబ్బాల మూతి రేకులు కూడా పెరుగుతాయనీ, ఆ అల్యూమినియం రేకుకూ సన్నపాటి బంగారు ఉంగరానికీ యంత్రం ఇంచుమించు ఒకే అంకె చూపుతుందనీ ఆయన తరువాత చెప్పారు. ఆ రెండో భాగానికి సాక్ష్యంగా వాళ్ల గ్యారేజీలో ఒక బకెట్టు నిండా రేకులున్నాయి.

సరస్సుకు వెళ్లే దారిలో, కారులోని ఏసీ చలవ వల్ల కాబోలు, అల్లుడుగారు ఒక చరిత్ర చెప్పారు. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో మిగిలిన తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే పరికరమొకటి తయారుచేసి తీసుకువచ్చాడు. వాషింగ్టనులో ఉక్క భరించలేనంతగా ఉండడంతో రోగి గదిని చల్లబరచడానికి నౌకాదళ ఇంజనీర్లు వేరే ఏర్పాటు చేశారు: మన ఇళ్లల్లో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లినట్టుగానే, మంచునీటితో తడిపిన గుడ్డల మీదుగా గాలిని పంపి గదిలోకి తోలారు. మంచు మాత్రం టన్నుల కొద్దీ కరిగిందట. ఏసీకి పూర్వరూపమూ మెటల్ డిటెక్టరుకు పూర్వరూపమూ ఒకే రోగికి సేవ చేశాయన్న మాట. చలవ ఏర్పాటు పనిచేసింది, బెల్ పరికరం పనిచేయలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులకే అది అయోమయపడిందంటారు. దానికి తోడు తూటా కుడివైపే ఉందని భీష్మించిన వైద్యుడు ఎడమవైపు వెతకనివ్వలేదు. సెప్టెంబరులో అధ్యక్షుడు మరణించాక చూస్తే తూటా ఎడమవైపున ఉంది. "అందుకే మామయ్యగారూ, వెతికే చోట మన సామాను ఉండకూడదు" అని అల్లుడుగారు ముగించారు. ఈ మాట వెనక సీట్లో ఉన్న మా ఆవిడ చెవిన పడలేదు. ఆవిడ నిద్రపోతోంది.

తెల్లవారకముందే బయలుదేరాలన్నది ప్రణాళిక. పులిహోర కలపడం, మధ్యలో టిఫినుకు ఆగడం అయ్యేసరికి మేము ఒడ్డు చేరింది పదకొండు దాటాక. టిఫిను తిన్నంతసేపూ యంత్రం కారు వెనక అద్దం కింద ఉడికింది. అటువంటి వేడికి తెరలోని ద్రవస్ఫటికాలు కట్టు తప్పుతాయి కనుక తెర మొత్తం నల్లబడి, అంకె అన్నది కనబడడం మానేసింది. నీడన కాసేపు పెడితే తేరుకుంటుందని నేనన్నాను. ఉంగరాలు ఆగవని ఆయన భావించినట్టుంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కేవలం కూతను నమ్ముకొని ఇసుకలోకి దిగారు. నేను చెట్టు కింద కుర్చీ వేసుకున్నాను.

మా ఆవిడకు వేరే సమస్య వచ్చింది. ఊరినుంచి నెయ్యి పోసుకొని తెచ్చిన స్టీలు పాల క్యానులో ఆ రోజు మజ్జిగ నింపింది. ఐస్‌పెట్టెలో దానికి చోటు లేదు. అందులో అల్లుడుగారి విడి బ్యాటరీలు, ఫోను, లేపనం సీసాలు సేద తీరుతున్నాయి. అల్లుడి బ్యాటరీలను తీసి పక్కన పెట్టే అత్తగారు పల్నాడులో ఇంకా పుట్టలేదు. ఎదురుగా నీటి ఒడ్డున కావలసినంత తడి ఇసుక ఉండగా ఐసు దేనికనుకొని, మనుమడి ఆట పారతో గొయ్యి తీసి, క్యానును మూతతో సహా పాతి, ఎవరి కంటా పడకుండా పైన ఇసుక చదును చేసి, ఏసీ వేసిన కారులోకి వెళ్లి పడుకుంది.

చాలాసేపు రేకులే దొరికాయి. ఆ తరువాత అల్లుడుగారు ఒక చోట ఆగిపోయారు. యంత్రాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు, ముందుకు వెనక్కి నడిచారు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకోవడంతో ఆ కూత చెట్టు కిందున్న నాకు కూడా వినిపించింది; మధ్యమధ్య పలికే కూత కాదది, తెంపు లేకుండా సాగే ఆర్తనాదం. పక్కనే మోకాలి లోతు నీళ్లలో అదే వేటలో ఉన్న ఒక తెల్లదొర, వయసులో నాకంటే పెద్దాయన, వెడల్పాటి టోపీ సర్దుకుంటూ వచ్చి యంత్రాన్ని పైకెత్తమన్నాడు. ఎత్తినా కూత ఆగలేదు. జానెడు ఎత్తులోనూ అరుస్తోందంటే అది నాణెం కాదు, ఏదో పెద్ద సామాను, చెత్తే అయి ఉంటుందని అనుభవం మీద చెప్పాడు. పెట్టె కూడా పెద్ద సామానే కదా అని అల్లుడుగారు జవాబిచ్చారు. తెర బాగుంటే అంకె చూసి వదిలేసేవారేమో, తెర నల్లగానే ఉంది.

చిల్లుల పారతో నాలుగు పోట్లు పొడిచేసరికి ఈత కొడుతున్న పిల్లలంతా గట్టెక్కి చుట్టూ మూగారు. ముందుగా గుండ్రని అంచు తళుక్కుమంది. వెండి అని ఒక పిల్లవాడు కేక వేశాడు. మరికాస్త ఇసుక తొలిగాక వంకీ తిరిగిన పిడి బయటపడింది. ఆ పిడిని నేను పెళ్లినాటి నుంచి ఎరుగుదును. కాని పదిమందిలో అల్లుడి ఉత్సాహం మీద మామగారు నీళ్లు చల్లడం మర్యాద కాదు గనక, నేను వార్తాపత్రికను ముఖానికి కాస్త దగ్గరగా పట్టుకున్నాను.

పైకి తీసిన క్యాను భుజం మీద చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకొని అది ఏ లిపి అని భక్తిగా అడిగాడు. అల్లుడుగారు తడి వేలితో ఇసుక తుడిచి, "వివాహ కానుక, మేనత్త" అని చదివి, చదువుతూ ఉండగానే గొంతు తగ్గించేశారు. దాని పక్కన ఉన్న 1984 మాత్రం పెద్దాయనకు స్వయంగా అర్థమైంది. ఆయన నిరాశపడినా నియమం మరవలేదు. ఆ సరస్సు సైన్యంవారి ఇంజనీర్ల దళం అధీనంలోనిది. పాతిక డాలర్ల లోపు చిల్లర దొరికితే ఉంచుకోవచ్చు కాని, ఫలానా వారిదని పోల్చుకోదగిన వస్తువు దొరికితే అధికారికి అప్పగించాలని వాళ్ల నిబంధన. పేరు చెక్కి ఉంది కాబట్టి ఆ మేనత్తగారిని వెతికించే బాధ్యత కార్యాలయానిదని ఆయన తీర్మానించాడు. వృత్తిరీత్యా నాకు ఆ వాదనలో లోపమేదీ కనబడలేదు.

అప్పటికి కేకలకు మెలకువ వచ్చిన మా ఆవిడ కారు దిగింది. గొయ్యినీ, క్యానునూ, చెమటతో తడిసి ముద్దయిన అల్లుడినీ చూసి నొచ్చుకుంది. అల్లుడితో ముఖాముఖి మాట్లాడే అలవాటు లేదు కనుక నావైపు తిరిగి, "ఏమండీ, అంత దాహంగా ఉంటే నన్ను లేపవచ్చు కదా, పాపం అల్లుడుగారు తవ్వుకోవలసి వచ్చింది" అంది.

ఈ మాటను పెద్దాయనకు అనువదించే పని మా అమ్మాయి మీద పడింది. ఆయన నవ్వలేదు, మజ్జిగ చల్లగా ఉందా అని మాత్రం అడిగాడు. ఉంది. ఒక గ్లాసు తాగి, నంజుకోవడానికేమో అనుకొని పచ్చిమిరపకాయ ముక్కను నమిలి, కాసేపు సరస్సు వైపు తిరిగి నిలబడి, రెండో గ్లాసు అడిగాడు. ఇంకా సగం క్యాను మిగిలే ఉంది. తవ్విన గుంట పూడ్చకుండా కదలకూడదన్నది ఆ వేటగాళ్ల మొదటి నియమం. చల్లారిన మజ్జిగను ఎండలో పెట్టకూడదన్నది మా ఆవిడ నియమం. అల్లుడుగారు క్యానును గుంటలోనే పెట్టి పూడ్చారు, ఈసారి గుర్తుకు, నీడకు కూడా పనికివస్తుందని దానిమీద మా గొడుగు గుచ్చారు. ఆ తరువాత అటువైపు ఒడ్డంతా గాలించిన పెద్దాయన యంత్రం గొడుగు దగ్గరికి వచ్చినప్పుడల్లా కూసేది. కూసినప్పుడల్లా ఆయన ఆగి గ్లాసు పట్టేవాడు.